మెరిసే కుండలో పులుసా?

కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డా, వెలిగారం మన కె.జి.ఎఫ్. వాళ్ళకు కొత్త కాదు. రాతిపొడికి సీసపు భస్మం, వెలిగారం చేర్చి మూసలో కరిగిస్తే, బంగారం సీసంతో అడుక్కు దిగుతుంది. రాయి గాజై తేలుతుంది.

ఎర్రమట్టి కుండకు వేసే గాజుపూత మర్మమూ ఇదే. సుమారు 1000 డిగ్రీల ఆవంలో ఇసుక ఒక్కటే కరగదు. సీసమో వెలిగారమో తోడు కావాలి. సీసపు పూత సులువుగా అద్దంలా వస్తుంది. కాని చింతపండు పులుపుకు సీసం ఊరి, పిల్లల మెదడుకు చేటు తెస్తుంది. రుచికీ తెలియదు, కంటికీ కనబడదు.

వెలిగారం నీళ్ళలో కరుగుతుంది గనుక, ముందుగా ఇసుక వగైరాలతో కరిగించి, ఆ గాజును నూరి పూయాలి. చల్లారాక పూతలో సన్నని నెర్రెలు పడితే ఇసుకపాలు కాస్త పెంచాలి.

కొనేటప్పుడు పూత దేనితో వేశారో అడగండి. తెలియకపోతే అందులో పూలు పెట్టండి, పులుసు పెట్టకండి.