నిద్ర చెడగొట్టే మోతకు మందేమిటి?

ప్రశ్న: మా ఇంటి వెనక ఫంక్షన్ హాలు వారి ఖాళీస్థలం వుంది. ముహూర్తాల రోజుల్లో అక్కడ రాత్రి ఒంటిగంట దాకా డి.జె. మోగుతుంది. మా మామగారికి 68 ఏళ్ళు. మాత్రలు వేసుకుంటున్నా ఈ మధ్య బి.పి. దిగటం లేదు. రాత్రిళ్ళు నిద్ర లేదు. నిద్రమాత్ర ఇవ్వవచ్చా? పోలీసులకు చెబుదామంటే, ఇరుగుపొరుగుతో తగవెందుకని మావారు అంటున్నారు.
- ఒక సోదరి, విజయవాడ

జవాబు: మీ అంతట మీరు నిద్రమాత్ర ఇవ్వకండి. పెద్దవయసులో ఆ మత్తుతో రాత్రి లేచి తూలిపడితే తుంటి ఎముక విరగవచ్చు. బి.పి. దిగకపోవడానికి ఉప్పు, మూత్రపిండాల జబ్బు, మాత్రలు తప్పడం వంటి కారణాలు చాలా వుంటాయి. మీ డాక్టరుకు చూపించండి. నిద్ర సంగతి కూడా తప్పకుండా చెప్పండి. రోజుల తరబడి నిద్ర చెడితే బి.పి. పెరగవచ్చు.

చెవికి రెప్పలు లేవు

కంటికి రెప్ప వుంది, మూసుకుంటాం. చెవికి ఆ సదుపాయం లేదు. మనం నిద్రపోయినా చెవి వింటూనే వుంటుంది. పెద్ద చప్పుడైతే మెలకువ రాకపోయినా గుండె వేగం హెచ్చుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, అడ్రినలిన్ వంటి హార్మోన్లు పెరుగుతాయి. "మాకు అలవాటైపోయిందండీ" అంటారు చాలామంది. అలవాటు పడేది మనసు. గుండె అంత తేలిగ్గా అలవాటు పడదు. ఏళ్ళ తరబడి రాత్రిపూట మోతలో బతికేవారికి రక్తపోటు, గుండెజబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. పసిపిల్లలకు, జబ్బుపడి లేచినవారికి కూడా ఇది మంచిది కాదు.

చట్టం ఏమంటుంది?

కేంద్ర ప్రభుత్వం 2000 సంవత్సరంలో శబ్దకాలుష్య నియంత్రణ నిబంధనలు చేసింది. ఇళ్ళున్న ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకుంటే సుమారు 60 వుంటుంది. రాత్రి అంటే 10 గంటల నుంచి తెల్లవారి 6 గంటల వరకు. ఆ వేళలో ఆరుబయట మైకు, డి.జె. పెట్టకూడదు. నాలుగు గోడల మధ్య, తలుపులు మూసిన హాలులో పెట్టుకోవచ్చు. షామియానా వేసిన ఖాళీస్థలం మూసిన హాలు కాదు. పండుగలకు, సాంస్కృతిక ఉత్సవాలకు రాష్ట్ర ప్రభుత్వం రాత్రి 12 దాకా అనుమతి ఇవ్వవచ్చు. అదీ ఏడాది మొత్తం మీద 15 రోజులకు మించకూడదు. ఆ రోజులు ప్రకటించేది ప్రభుత్వం, పెళ్ళివారు కాదు.

మీటరు లేదని వెనుకాడకండి

"ఎన్ని డెసిబెల్సో మాకెలా తెలుస్తుంది?" అని ఊరుకుంటారు. పగటి మోత మీద ఫిర్యాదు చెయ్యాలంటే అది హద్దును 10 డెసిబెల్స్ అయినా దాటాలి. రాత్రి నిషేధానికి ఆ లెక్క అక్కరలేదు. 10 దాటాక ఆరుబయట మైకు మోగితే చాలు, ఫిర్యాదు చెయ్యవచ్చు. మీ గోడ గడియారమే సాక్ష్యం. 2011లో మొదలైన ఏర్పాటు కింద హైదరాబాదులో ఆబిడ్స్, పంజాగుట్ట, తార్నాక వంటిచోట్ల శబ్దాన్ని కొలిచే యంత్రాలు పెట్టారు. అవి నగరం లెక్క చెబుతాయిగాని మీ పెరటి గోడ దగ్గరి మోత వాటికి వినిపించదు. మీరే చెప్పాలి.

ఇలా చెయ్యండి

1. ముందు పగటిపూట హాలు యజమానిని కలిసి, ఇంట్లో రోగి వున్న సంగతి మర్యాదగా చెప్పండి. నలుగురు కలిసి వెళితే మాటకు బలం వుంటుంది, తగవు మీ ఒక్కరి మీద పడదు.

2. అయినా మానకపోతే మోత సాగుతుండగానే 112కు ఫోన్ చెయ్యండి. పోలీసులు వెళ్ళాక మళ్ళీ మొదలైతే మళ్ళీ చెయ్యండి.

3. తేదీ, మొదలైన వేళ, ఆపిన వేళ ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి.

4. ఆ వివరాలతో అర్జీ రాసి, డాక్టరు చీటీ జతచేసి, పోలీస్ కమిషనరు కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. కమిషనరు లేని ఊళ్ళలో కలెక్టరుకు ఇవ్వాలి.

ఈలోగా మామగారి మంచం మోతకు దూరంగా వున్న గదిలోకి మార్చండి. మందుల షాపులో దొరికే మెత్తని ఇయర్ ప్లగ్గులు కొంత మేలు చేస్తాయి. దూది అంతగా పనిచెయ్యదు. గుండెనొప్పి, ఆయాసం వస్తే తెల్లవారేదాకా ఆగకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి.

పాఠకులందరికీ ఒక మాట. 85 డెసిబెల్స్ మోతను చెవి 8 గంటలు తట్టుకుంటుందనుకుంటే 100 డెసిబెల్స్ మోతను తట్టుకునేది పావుగంటే. డి.జె. పెట్టెల ముందు పిల్లల్ని ఎగరనివ్వకండి. లోపలి చెవిలోని సున్నితమైన కణాలు ఒకసారి చస్తే మళ్ళీ పుట్టవు. మర్నాటికీ చెవిలో హోరు తగ్గకపోతే చెవి డాక్టరుకు చూపించండి. మీ ఇంట్లో శుభకార్యమైనప్పుడు రాత్రి 10 కాగానే మైకు మీరే కట్టించండి. పక్కింట్లోనూ ఒక పెద్దాయన వుండవచ్చు.