ఊరి పేర్లు

ఊరి పేరు వట్టి గుర్తు మాత్రమే యని పలువురు తలంతురు. విశాఖపట్టణపు పేర్లను ఓపికతో పరికించినచో ఆ తలంపు నిలువదు. తాటిచెట్లపాలెమున నేడు తాళ్ళెన్ని మిగిలినను, అచటి పూర్వపు నేల యెట్టిదో పేరే చెప్పుచున్నది. వేపగుంటలో చెట్టును, నీటిగుంటయు రెండును గలవు. ఈ ప్రాంతపు జనులు వాగును గెడ్డ యందురు; నగరమునకు త్రాగునీరిచ్చు మేహాద్రిగెడ్డ అట్టిదే. రేవు చెంత 1864లో ఇల్లు కట్టుకొన్నందుకే రాస్ దొర పేరు ఒక కొండకు దక్కినది. మువ్వలవానిపాలెము మాత్రము ఎం.వి.పి. కాలనీ యైనది! ఆ పొడి యక్షరములను విప్పి చెప్పగల బాలురు అచట నెందఱుందురు?

1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. దానికై పెక్కు పల్లెల భూములు సేకరింపబడెను. కర్మాగారము దేశమునకు కావలసినదే. కాని యిండ్లతోబాటు పొలముల పేర్లు, చెఱువుల పేర్లు, కాలిబాటల పేర్లు కూడ పోవలసిన పని లేదు. లెక్కలలో సర్వే నంబరుండును. రైతు తన మడికి పెట్టుకొన్న పేరు తఱచుగా నుండదు. అది ముసలివారి నాలుకమీదనే యున్నది. విద్యార్థులు సెలవులలో వారికడ కేగి, పలికిన తీరుననే వ్రాసికొని, ఆ చోటును పటముమీద గుర్తింపవలెను. అర్థము తెలియనిచో కల్పింపరాదు. చెప్పినవారి వయస్సును, విన్న తేదీని ప్రక్కన వ్రాయుట మఱవరాదు.