నవలలో నవ్వు - పత్రికలో మార్పు

పాతనీరు పోయి క్రొత్తనీరు వచ్చుట లోకసహజము. కాని ఎవరో గట్టునకు గండికొట్టి నీటిని మళ్లించినప్పుడు నీటిని నిందించుట న్యాయము కాదు. ఈ భేదమును ఆలోచించుటకు ఒక హాస్యనవల ఉపకరించుచున్నది. 2015లో ఆంగ్లమున వెలువడిన ఆ నవల పేరు ‘ది నాకాఫ్’. అనగా నకలు సరకు. లూసీ సైక్స్, జో పియాజా దాని రచయిత్రులు. మొదటి యామె ఫ్యాషన్ పత్రికలలో పనిచేసినది; రెండవ యామె పాత్రికేయురాలు. కావున ఇంటిగుట్టు తెలిసినవారు చెప్పిన కథ యిది.

ఇమోజెన్ టేట్ న్యూయార్కులోని ‘గ్లాసీ’ అను ఫ్యాషన్ పత్రికకు సంపాదకురాలు. వయస్సు నలువది దాటినది. క్యాన్సరుకు చికిత్స పొంది తిరిగి వచ్చునప్పటికి కార్యాలయము గుర్తింపరాకుండ మారిపోయినది. పూర్వము ఆమెకు సహాయకురాలైన ఈవ్ మోర్టన్ హార్వర్డులో వాణిజ్యవిద్య ముగించుకొని వచ్చి, పత్రికను ‘యాప్’గా మార్చుచున్నది. ఇక పుటలు త్రిప్పి ముచ్చటపడుటతో సరిపోదు. పాఠకురాలు బొమ్మలోని దుస్తులను మీట నొక్కి అప్పటికప్పుడే కొనవలెను. అక్షరము ప్రక్కకు ఒదిగినది. అంగడి ముందుకు వచ్చినది.

క్రొత్త మాధ్యమముల భాష తెలియని పెద్దామె తడబాటు, నిద్ర మాని పనిచేయుటయే ఘనతయని తలచు పిన్నల ఆర్భాటము, రెండును ఇందు నవ్వు పుట్టించును. ఈ కథకు పూర్వబంధువులు లేకపోలేదు. 1950 నాటి ‘ఆల్ అబౌట్ ఈవ్’ చలనచిత్రమున ఈవ్ అను యువతియే ప్రసిద్ధనటి చెంత చేరి ఆమె స్థానము నాక్రమించును. 2003లో లారెన్ వైజ్‌బర్గర్ వ్రాసిన ‘ది డెవిల్ వేర్స్ ప్రాడా’లో బాధపడునది చిన్నది, బాధించునది పెద్దది. ‘ది నాకాఫ్’ ఆ త్రాసును తలక్రిందులు చేసినది.

నవలలోని లోపమును ఇచ్చటనే గుర్తింపవలెను. ఈవ్‌ను దుష్టురాలిగా చిత్రించుటతో కథ రక్తికట్టినది; కాని విమర్శ పలుచబడినది. ఫ్యాషన్ పత్రికలు ఏనాడును ప్రతి వెలతో బ్రతికినవి కావు; ప్రకటనల రాబడియే వాటికి ప్రాణము. ఆ రాబడి అంతర్జాల సంస్థల వైపు తరలినప్పుడు పుటలు తగ్గినవి, కొలువులు పోయినవి. ఇది ఒక యువతి చేసిన కుట్ర కాదు.

నవల తరువాతి చరిత్రయే ఇందుకు సాక్ష్యము. అమెరికాలో యువతుల కొరకు వెలసిన ‘టీన్ వోగ్’ 2017లో ముద్రణ మానినది. 2025లో ‘వోగ్’ అంతర్జాల పత్రికలో కలిసిపోయినది. ‘గ్లామర్’ 2019 జనవరి సంచికతో మాసముద్రణకు స్వస్తి చెప్పినది. 1892లో పుట్టిన ‘వోగ్’ మాత్రము నేటికిని అచ్చగుచున్నది. అనగా ముందు మూతపడినది పిన్నల పత్రికయే! ఇది కేవలము తరముల పోరాటమే యైనచో ఇట్లు జరిగియుండునా? 1988 నుండి అమెరికా ‘వోగ్’ను నడిపిన ఆనా వింటూర్ 2025లో ఆ బాధ్యతను వదలినను, సంస్థలోని పై పదవిని వదలలేదు. ఆమె తరువాత వచ్చిన క్లోయీ మాల్ అంతకుముందు ఆ పత్రిక అంతర్జాల విభాగమునకు సంపాదకురాలు. ఆమెకు దక్కినది ప్రధాన సంపాదకత్వము కాదు, వేరొక పేరుగల పదవి. మనుష్యులు మారుటయే కాదు, పీఠము పేరే మారినది.

అయినను నవల ఒక మంచిమాట చెప్పినది. ఇమోజెన్ ఓటమికి ఏడ్చుచు కూర్చుండలేదు. తనకంటె చిన్నవారి యొద్ద క్రొత్త విద్య నేర్చినది. ఏ వస్త్రము ఎవరికి నప్పునో, ఏ చిత్రము నిలుచునో ఎరిగిన ఆమె వివేకము అప్పుడును అక్కరకు వచ్చినది. పరికరము నెరుగుట ఒక విద్య, దానితో ఏమి చేయవలెనో ఎరుగుట వేరొక విద్య.

నేటి తరగతి గదిలో ఫోను మర్మము శిష్యునకు ముందు తెలియుచున్నది. చదివినదానిలో ఏది నిజమో, ఏది సరకు అమ్ముకొను మాటయో తేల్చు నేర్పు గురువు వద్ద నున్నది. ఒకరి యొద్ద ఒకరు నేర్చుకొనుటకు సంకోచింపనిచో ఉభయులకు లాభము. సంకోచించినచో, ఇరువురిని కొనుగోలుదారులుగా మాత్రమే లెక్కించు వర్తకునకు లాభము.