దీపం చేసిన తప్పేమిటి?

కరెంటు బిల్లు చేతికందిన రోజున మా ఇంట మొదట ఆరిపోయేది వంటింటి లైటు. కాగితం మీది అంకె చూడడం, "ఎవరూ లేని గదిలో ఆ లైటెందుకు?" అని గొంతు పెంచి ప్రశ్నించడం, మా శ్రీమతి మారుమాట లేకుండా వచ్చి స్విచ్ నొక్కడం... ముప్పై ఏళ్ళపాటు నెలనెలా ఈ తంతు నిర్విఘ్నంగా సాగింది. నేను తెలుగు పండితుణ్ణి. గణితంతో నాకున్న పరిచయం అంతంత మాత్రమే. ఉద్యోగ విరమణ తరువాత తీరిక చిక్కి, ఆ లెక్కేదో ఒకసారి స్వయంగా వేసి చూద్దామని కూర్చున్నాను. ఇన్నాళ్ళూ నేను దండించింది నిర్దోషినని అప్పుడు తెలిసింది.

ఈ దీపద్వేషం నాకు పిత్రార్జితం. మా బాల్యంలో ఇంటింటికీ కరెంటు లేదు. భోజనాలు కాగానే నాన్నగారు లాంతరు వత్తి తగ్గించేవారు. కట్టెలూ పిడకలూ చేను నుంచీ దొడ్డి నుంచీ వచ్చేవి గనుక, డబ్బు పోసి కొని కాల్చవలసింది కిరసనాయిలు ఒక్కటే. తరువాత కరెంటు వచ్చినా, రెండు 60 వాట్ల బల్బులు, ఒక ఫ్యాను, అంతే సరంజామా. ఆ రోజుల్లో దీపం ఆర్పడమే పొదుపు. ఆ సూత్రం ఆనాటికి సత్యమే. కాలక్రమాన ఇంట్లోకి ఫ్రిజ్ వచ్చింది, గీజరు వచ్చింది, ఇన్వర్టరు వచ్చింది. సూత్రం మాత్రం లాంతరు దగ్గరే నిలిచిపోయింది.

1000 వాట్లు ఒక గంటసేపు వాడితే ఒక యూనిట్. పాత 60 వాట్ల బల్బు సుమారు 17 గంటల్లో ఒక యూనిట్ హరిస్తుంది. 2015లో ఉజాలా పథకం మొదలైన తరువాత ఊరూరా చేరిన 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు దాదాపు అంత వెలుతురే ఇస్తూ, ఒక యూనిట్ ఖర్చు కావడానికి 111 గంటలు తీసుకుంటుంది. మా వంటింటి లైటు రోజుకు 5 గంటలు వెలిగిందనుకున్నా, ఒక్క యూనిట్ పూర్తి కావడానికి 22 రోజులు పడుతుంది.

ఇక నా స్నానం సంగతి చూద్దాం. మా గీజరు 2000 వాట్లది, 25 లీటర్లు పడుతుంది. చన్నీళ్ళను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీల దాకా కాచడానికి సుమారు ఒక యూనిట్ కావాలి. నేను తెల్లవారుజామున లేచి గీజరు వేసి, పత్రిక చదివి, కాఫీ తాగి, నింపాదిగా స్నానానికి వెళ్ళేవాణ్ణి. కాగిన నీళ్ళు చల్లారినప్పుడల్లా అది మళ్ళీ కాచేది. నేను వాడుకొన్న నీళ్ళ స్థానంలో చేరిన చన్నీళ్ళను, స్విచ్ ఆపడం మరచిన పాపానికి, ఎవరికోసమో మళ్ళీ కాచి పెట్టేది. అంటే ఆమె 22 రోజుల వెలుతురును నేను ఒక్క ఉదయం స్నానాలగదిలో పారబోసి వచ్చి, బయట నీతులు చెప్పేవాణ్ణన్నమాట! ఈ లెక్క శ్రీమతికి వినిపిస్తే, "ఇది తెలియడానికి ఉద్యోగం దిగిపోవలసి వచ్చిందా?" అని మాత్రం అన్నది.

ఇందులో గ్రహించవలసిన సూత్రం ఒకటుంది. కరెంటును ఎక్కువగా తినేవి వేడిని పుట్టించేవి, చల్లదనాన్ని పుట్టించేవి, రేయింబవళ్ళు ఆగకుండా తిరిగేవి. వెలుతురు వీటి ముందు అల్పం. మన కన్ను మాత్రం వెలుగుతున్నదాన్నే చూస్తుంది గనుక కోపమూ దానిమీదికే పోతుంది.

ఫ్యానునే తీసుకోండి. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు దాదాపు 34 యూనిట్లు. బీఎల్‌డీసీ మోటారుతో వస్తున్న కొత్త ఫ్యాను 30 వాట్లతోనే ఇంచుమించు అంత గాలీ ఇస్తుంది. దానికి 13 లేదా 14 యూనిట్లు చాలు. ధర వెయ్యి, పదిహేను వందలు ఎక్కువ పెట్టవలసిన మాట నిజమే. అయితే మాకులా పగలూ రాత్రీ తిరిగే ఫ్యాను ఒక్కటి మార్చుకుంటే ఆ అదనపు ధర ఏడాదికి అటూ ఇటూగా తిరిగి వస్తుంది. అరుదుగా వాడే గదిలో మార్చడం దండగ. ఏసీ ఉన్నవారు 24 డిగ్రీల మీద ఉంచుకొని, ఫ్యాను నెమ్మదిగా తిప్పుకోవడం మేలు.

ఫ్రిజ్ విషయంలో నా అపరాధం మరీ పెద్దది. తలుపు రబ్బరు వదులైపోయిందని, మార్పించమని, మా శ్రీమతి మూడేళ్ళుగా చెబుతూనే ఉన్నది. అనవసరపు ఖర్చని నేను త్రోసిపుచ్చాను. ఒకనాడు తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగి చూశాను. ఎక్కడా పట్టులేకుండా జారి వచ్చేసింది. ఆ సందులోంచి చల్లదనం బయటికి పోతూంటే, లోపలి యంత్రం విశ్రాంతి ఎరుగక మూడేళ్ళు కొట్టుకున్నది. ఇల్లు నడిపే మనిషి మాట వినకపోవడానికి పొదుపని పేరు పెట్టుకొన్నాను.

వైరింగు పని చేసుకొనే నా పూర్వ విద్యార్థి ఒకడు మరో కిటుకు నేర్పాడు. మా మీటరు మీద 3200 అనే అంకె ఉంది. దాని మీది చిన్న ఎర్రదీపం అన్నిసార్లు మినుకుమంటే ఒక యూనిట్. ఒక రాత్రి ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపామనుకొని ఇద్దరం మీటరు ముందు నిలబడ్డాం. అది 45 సెకన్లకొకసారి మినుకుమంటూనే ఉన్నది. అంటే 25 వాట్లు. నెలంతా అలాగే సాగితే 18 యూనిట్లు! రిమోట్‌తో ఆపిన టీవీ, సెట్‌టాప్ బాక్సు, ఇన్వర్టరు, ఇంటర్నెట్టు పెట్టె, ఇవన్నీ కలిసి చప్పుడు చేయకుండా తింటున్నాయి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మీటరు పట్టింది. అన్నిటినీ ఆపలేం. టీవీనీ, దాని పెట్టెనూ మాత్రం చూడనప్పుడు గోడ దగ్గరే ఆపుతున్నాం.

ఒక ఫ్యాను మార్చాం, ఫ్రిజ్‌కు కొత్త రబ్బరు వేయించాం, గీజరు స్నానానికి పావుగంట ముందు వేసి, వెళ్ళేటప్పుడు ఆపుతున్నాం. నెలకు 240 యూనిట్ల దగ్గర ఉండేది 200కు దిగింది. ఇదేమంత ఘనకార్యమని అనిపించవచ్చు. 2022లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి ప్రకటించిన శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లు రూ. 1.90 చొప్పున, 75 దాకా రూ. 3, 125 దాకా రూ. 4.50, 225 దాకా రూ. 6, ఆపైన 400 దాకా రూ. 8.75. ఈ లెక్కన మొదటి 40 యూనిట్ల వెల రూ. 87. 200 దాటిన తరువాతి 40 యూనిట్ల వెల రూ. 281. ఇతర చార్జీలు వేరు. మనం ఆదా చేసే యూనిట్ ఎప్పుడూ పై మెట్టు మీదిదే, అంటే అన్నిటికంటె ఖరీదైనదే.

ఇంత వ్రాసినా, అసలు చెప్పదలచుకొన్నది ఇంకా చెప్పలేదు.

2013 నాటికి మా అమ్మకు ఎనభై దాటాయి. చూపు మందగించింది. ఒక రాత్రి లేచి, లైటు వేసుకోకుండా నడవాలోకి వచ్చి, గడప తగిలి పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రిలో, "లైటు వేసుకోలేదేమమ్మా?" అని అడిగాను.

"ఇవాళ బిల్లొచ్చిన రోజు కదరా నాయనా" అన్నది.

ఆమె మళ్ళీ నడవలేదు. ఆ నడవాలోని ట్యూబ్‌లైటు చోక్‌తో కలిపి 50 వాట్లనుకుందాం. రాత్రికి అయిదు నిమిషాల చొప్పున వెలిగిస్తే ఒక యూనిట్ కావడానికి 240 రాత్రులు పట్టేది. ఈ లెక్క అప్పుడు నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా తోచలేదు.

అందుకే పొదుపు పేరిట ఇంట్లో గొంతు పెంచే ప్రతి పెద్దమనిషికీ నా మనవి ఒక్కటే. ముందు మీటరు చూడండి, తరువాత మనుషులను చూడండి. అవసరం లేని దీపాన్ని ఆర్పడం మంచి అలవాటే, కాదనను. అయితే ఎదురు చెప్పలేనివారి వెలుతురు మీదనే మన ప్రతాపం చూపి, మన సుఖాల జోలికి పోకపోవడం పొదుపు కాదు, అధికారం. చీకట్లో పడిన ముసలితల్లికి అయ్యే ఆస్పత్రి ఖర్చు ఏ శ్లాబులోనూ ఉండదు.

ఇప్పుడు మా నడవాలో అర వాటు దీపం ఒకటి రాత్రంతా వెలుగుతూ ఉంటుంది. పది గంటల చొప్పున లెక్కవేసినా ఏడాదికి రెండు యూనిట్లు కాదు. బిల్లు వచ్చిన రోజున కూడా దాన్ని మేమెవరమూ ఆర్పము.