మార్కెట్‌కు కులం తెలువదట!

మార్కెట్‌కు కులం లేదనీ, పైసకు అంటు లేదనీ చదువుకున్న పెద్దమనుషులు కొందరు మనకు పాఠాలు చెప్తున్నరు. మనిషి ప్రతి పనిలో లాభనష్టాలు చూసుకుంటడట. మన చేతి పైసలు వద్దన్న దుకాణానికి గిరాకి పోతది, మన కూలి వద్దన్న ఆసామికి పంట పాడైతది, కనుక అంటరానితనం దానంతటదే అరిగిపోతదట. ఈ మాటకు మూలం అమెరికా ప్రొఫెసర్ గేరీ బెకర్ 1957లో రాసిన పుస్తకం. వివక్ష చూపేవాడు ఆ సరదాకు తన జేబులోంచే ఖర్చు పెట్టుకుంటడని ఆయన లెక్క. 1992లో ఆయనకు నోబెల్ కూడా ఇచ్చిండ్రు.

ఈ లెక్కను ఆర్మూర్ చుట్టుపక్కల ఊర్లకు తెచ్చి చూద్దాం.

సంక్రాంతి దాటినంక ఇక్కడ పసుపు తవ్వకం జోరు మీదుంటది. తవ్వేది, ఏరేది, కొమ్ములు విరిచేది ఎక్కువగా మన ఆడోళ్లే. తవ్విన పసుపు ఆగదు. ఉడకబెట్టాలె, ఆరబోయాలె, ఆలస్యమైతే నష్టం ఆసామికే. బెకర్ లెక్క నిజమైతే ఈ రెండు మూడు నెలలు మన చెయ్యే పైన ఉండాలె. ఉంటున్నదా? కూలి పెంచమన్నా, అంబేద్కర్ విగ్రహానికి జాగ అడిగినా, గుడి మెట్లెక్కినా వీడీసీ కూసుంటది. రాత్రికి టాంటాం పడ్తది. ఫలానా వాడోళ్లతోని మాట్లాడినోనికి ఇంత జరిమానా, పనికి పిలిచినోనికి ఇంత, కిరాణం ఇచ్చినోనికి ఇంత.

వీడీసీ అంటే గ్రామాభివృద్ధి కమిటీ. పంచాయతీరాజ్ చట్టంలో సర్పంచ్ ఉన్నడు, గ్రామసభ ఉన్నది, ఈ కమిటీ మాత్రం ఎక్కడా లేదు. అయినా బెల్టు షాపు వేలం వేస్తది, ఇసుకకు పైసలు వసూలు చేస్తది, తీర్పులు చెప్తది. ఆ పైసలతోని గుడి కడ్తది కనుక ఊర్ల ఎవరూ నోరెత్తరు.

ఇక్కడ బెకర్ లెక్క తలకిందులైతది. మనల్ని దూరం పెట్టినోనికి కాదు నష్టం, దగ్గరికి తీసినోనికి నష్టం. మీరు గమనించే ఉంటరు, బహిష్కరణ పడ్డ నాడు కిరాణం కొట్టాయన ఏమంటడు? "నాకేం లేదన్నా, కమిటీ ఊకోదు" అంటడు. ఆటో ఆయనా అదే మాట, క్షవరం చేసే ఆయనా అదే మాట. వాళ్లు అబద్ధమాడుతున్నరని మేం అనుకోవడం లేదు. నిజమే చెప్తున్నరు. ఆ నిజం మన పిల్లల పాల ప్యాకెట్‌కు పనికిరాదు, అంతే.

ఈ సంగతిని ఇంకో అమెరికా ఆయన, జార్జి అకర్లాఫ్, 1976లోనే రాసిండు. మన దేశపు కులాన్నే ఉదాహరణగా తీసుకున్నడు. కట్టుబాటు దాటినోణ్ని వెలివేస్తరు, వెలివేయనోణ్ని కూడా వెలివేస్తరు. అట్లయినప్పుడు ఊరందరికీ లోపల ఇష్టం లేకున్నా ఆ కట్టుబాటు నిలబడ్తది. ఒక్కడు దాటితే వాడు మునుగుతడు. చాలినంత మంది కలిసి దాటితే కట్టుబాటే మునుగుతది. ఆయనకు కూడా 2001లో నోబెల్ వచ్చింది, కానీ మన పెద్దమనుషులకు ఆయన పేరు నోటికి రాదు!

పెండ్లిళ్లలో చూడండి. పెద్దబిడ్డ మన పిలగాణ్ని చేసుకుంటనంటే ఆ తండ్రి మొదట భయపడేది అల్లుని గురించి కాదు. "చిన్నదానికి సంబంధం ఎవరిస్తరు?" అని. అది ప్రేమ లేక కాదు, కులం వేసే జరిమానాకు జడిసి.

కనుక "మనసులు మారాలె, కాలం పడ్తది" అనేటోళ్లతోని మాకు పేచీ ఉన్నది. ఈమధ్య దీనికీ ఒక శాస్త్రం వచ్చింది. మనిషిని బలవంతపెట్టకుండ మోచేత్తో మెల్లగ పొడిస్తే మంచి అలవాటుకు వస్తడట. రిచర్డ్ థేలర్‌కు 2017లో నోబెల్ వచ్చింది ఇలాంటి పనికే. మరుగుదొడ్లకు, పొదుపుకు అది పనికొస్తే రావచ్చు. కానీ మెడ మీద కమిటీ చెయ్యి ఉన్నోణ్ని మోచేత్తో పొడిస్తే ఏమైతది?

కొలంబియాలో, లండన్‌లో అర్థశాస్త్రం చదివిన బాబాసాహెబ్ మనసుల కోసం కూసోలేదు. కులం పనిని కాదు, పనిచేసేటోళ్లనే విడగొడ్తదని 1936లో చెప్పిండు. సాంఘిక బహిష్కరణను నేరం చేయాలని 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో రాసిండు. 1991లో చుండూరులో చంపడానికి ముందు పెట్టింది బహిష్కరణే. అయినా అట్రాసిటీ చట్టంలో ఆ మాట స్పష్టంగ చేరింది 2015 సవరణతోనే, అమలైంది 2016 జనవరి 26న. ఇప్పుడు సెక్షన్ 3(1)(జెడ్‌సీ) కింద బహిష్కరిస్తమని బెదిరించినా నేరమే.

కలిసి దాటితే ఖర్చు తగ్గుతదని ఇక్కడి ఆసాములకు ఎవరూ నేర్పక్కర్లేదు. 2019 పార్లమెంట్ ఎన్నికల్లో నిజామాబాద్ సీటుకు 178 మంది రైతులు నిలబడ్డరు. మొత్తం 185 మంది అభ్యర్థులైతే ఒక్కో బూతులో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టవలసి వచ్చింది. ఒక్కడే పోతే ఎవడూ వినడని వాళ్లకు తెలుసు. అడిగింది పసుపు బోర్డు, మద్దతు ధర. 2025 జనవరిలో బోర్డు వచ్చింది. మంచిదే, కానీ కొమ్ములు విరిచే ఆడమనిషి కూలి ఆ డిమాండ్లలో లేదు. వాళ్లు గుంపుగ పోతే రైతు ఉద్యమం, మనం గుంపుగ పోతే కుల రాజకీయం!

మన పోరాటం కిరాణం కొట్టాయనతోని కాదు, జరిమానా రాసినోనితోని. టాంటాం పడ్డ తేదీ, టైము, చెప్పిన మాటలు, కమిటీలో కూసున్నోళ్ల పేర్లు ఆ రాత్రే రాసిపెట్టండి. "ముందు విచారణ చేసి చూద్దాం" అని ఠాణాలో అంటే, 2018లో చేర్చిన సెక్షన్ 18ఏ ప్రకారం ఎఫ్ఐఆర్‌కు ముందు విచారణ అక్కర్లేదని చెప్పండి. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గనోళ్లే చేయాలె. జరిమానా కట్టిన చిన్న రైతు ఉంటే అతన్నీ సాక్షిగ అడగండి. బహిష్కరణ దెబ్బ తిన్న గౌడన్నలు కూడా ఈ జిల్లాలోనే ఉన్నరు, వాళ్ల దగ్గరికీ పోవాలె.

ఇంకొక్కటి. చాలా ఊర్లల్ల ఆ డప్పు కొట్టేటోడు మనోడే. అతణ్ని తిట్టుకుంట కూసోకుండ, ఆ ఒక్క రాత్రికి కమిటీ ఎంత ఇస్తదో కనుక్కోండి. ఆ పైసలు వాడ చందాలోంచి ముందే తీసి పక్కకు పెట్టండి.