గీతలకీ మరకలకీ అంత డబ్బా?

చీటీ డబ్బుల్లోంచి ఒక లితోగ్రాఫ్ కొంటానని నేనంటే, మా ఒదిన ఫోన్‌లో ఆ బొమ్మ చూసి, "గీతలూ మరకలూ తప్ప ఏటీ లేదు. ఆ డబ్బుకి ఉంగరం వస్తాది కదేటి?" అంది. పైగా ప్రింటేనట, ఒరిజినల్ ఎలా అవుతుందట!

ఇది చాలామందికొచ్చే సందేహమే. లితోగ్రాఫ్ అంటే ఫొటో తీసి అచ్చేసింది కాదండీ. నున్నగా అరగదీసిన సున్నపురాయి మీద చిత్రకారుడే జిడ్డు పెన్సిల్‌తో బొమ్మ వేస్తాడు. తుమ్మబంక, కాస్త యాసిడ్ పూసి, రాయి తడిపి సిరా రోలర్ దొర్లిస్తే జిడ్డున్న చోటే సిరా అంటుతుంది. నూనే నీళ్ళూ కలవవని మనకి ఒకరు చెప్పాలా! మామూలుగా రంగుకో రాయి. అనుకున్నన్ని తీశాక బొమ్మని చెరిపేస్తారు. కింద పెన్సిల్‌తో 12/75 అని ఉంటే డెబ్బై అయిదింటిలో పన్నెండోదన్నమాట. రాయి మీద తప్ప ఆ బొమ్మ ఇంకెక్కడా పుట్టలేదు. అందుకే ఒరిజినల్.

మన అమ్మమ్మల దేవుడి గదుల్లోని రవివర్మ లక్ష్మీదేవి కూడా అలా రాళ్ళ మీద అచ్చయినదే. ఆయన ప్రెస్ 1894లో బొంబాయిలో మొదలైంది. కాకపోతే అవి నూనెరంగుల చిత్రాలకి పనివాళ్ళు తీసిన నకళ్ళు. పికాసో అలా కాదు, 1945 నుంచి పారిస్‌లో మూర్లో ప్రెస్సులో కూచుని తనే రాళ్ళ మీద గీశాడు. మిరో, టాపియెస్‌లూ లితోగ్రాఫులు చేశారు.

అయితే వాళ్ళవి చవగ్గా దొరుకుతున్నాయని ఎవరైనా చెబితే నమ్మకండి. డాలీ అయితే ఖాళీ కాగితాల మీద ముందే సంతకాలు పెట్టిచ్చాడు, ఇక నకిలీలకి కొదవేముంది? పొందూరు ఖద్దరని మిల్లుబట్ట అంటగట్టేవాళ్ళని చూసిన మనకి ఇది కొత్త కాదులెండి.

నన్నడిగితే మనవాళ్ళ ప్రింట్లతో మొదలుపెట్టడం మేలు. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి గారు పారిస్‌లో, మిరో కూడా పనిచేసిన అటెలియే 17 స్టూడియోలో చేరారు. ఆయనది రాయి కాదు, లోహపు రేకు. చిక్కనివీ పల్చనివీ సిరాలు వాడి ఒకే రేకు మీంచి అన్ని రంగులూ ఒకేసారి రప్పించే పద్ధతిని తీర్చిదిద్దినవాళ్ళలో ఆయనొకరు. ఆయన నీటి సుడులు, అలలు చూస్తే భీమిలి సముద్రం గుర్తొస్తుంది నాకు. మెదక్ వైపు లక్ష్మాగౌడ్ గారి ఎచింగులు ఇంకో లోకం. ఇంత పేరున్నవాళ్ళవి అందకపోతే, ఫైన్ ఆర్ట్స్ చదివే పిల్లల ప్రదర్శనలకి వెళ్ళి చూడండి.

ఇక "అర్థమేటి?" అన్న మాట. సంక్రాంతికి మెలికల ముగ్గేస్తే అర్థమేమిటని ఎవరడిగారు? చుక్క తప్పిందా, మెలిక కుదిరిందా అనే కదా చూస్తాం. ఆ కన్ను మనకి చిన్నప్పట్నుంచీ ఉంది. ఉంగరం వద్దనను. కానీ బీరువాలో దాచుకునేదొక్కటే ఆడదాని ఆస్తి అంటే ఒప్పుకోను. రోజూ కళ్ళారా చూసుకునేదీ ఆస్తే.

కొన్నాక మాత్రం ఎండ పడే గోడకి తగిలించకండి. అద్దం కాగితానికి ఆనకుండా మధ్యలో మౌంటు పెట్టించండి. మన సముద్రపు గాలికి, వానాకాలం చెమ్మకి కాగితం తొందరగా బూజు పట్టేస్తుంది. వంటింటి గోడకైతే అసలే వద్దు.