బొమ్మ అడుగున పేరు

బొమ్మ కొనేటప్పుడు అందరూ ముఖం చూస్తారు, రంగు చూస్తారు, ధర చూస్తారు. అడుగు ఎవరూ చూడరు. నాకు మాత్రం ఈ మధ్య అదే ముందు చూడటం అలవాటైపోయింది. ఈ టపాలో చెప్పదలచుకున్నది ఒక్కటే: చేత్తో చేసిన ప్రతి బొమ్మ అడుగునా చేసినవాళ్ళ పేరు ఉండాలి. ఇదేదో కళాకారుల మీద జాలితో అంటున్న మాట అనుకునేరు. పూర్తిగా డబ్బుల లెక్క. అయితే ఆ లెక్క దగ్గరికి కాస్త చుట్టుతిరుగుడు దారిలో వెళ్ళాలి, ఓపిక పట్టండి.

వార్‌గేమింగ్ అని ఒక ఆట ఉంది. కంప్యూటర్లో ఆడేది కాదు, బల్ల మీద ఆడేది. రెండు సైన్యాలు, పాచికలు, కొలిచే టేపు, ఒక లావుపాటి రూల్సు పుస్తకం. 19వ శతాబ్దంలో ప్రష్యా సైన్యం తన అధికారులకు శిక్షణ కోసం ఇలాంటిదే ఆడించేది. 1913లో హెచ్.జి. వెల్స్ (అవును, ‘టైమ్ మెషీన్’ రాసినాయనే) ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకం రాసి, బొమ్మ సైనికులతో ఇంట్లో ఎలా ఆడుకోవచ్చో చెప్పాడు. 1983లో ఇంగ్లండులో వార్‌హామర్ వచ్చాక ఇది పెద్ద వ్యాపారమైంది. రథ గజ తురగ పదాతుల్ని అరవై నాలుగు గళ్ళలో కూర్చోబెట్టిన దేశం వాళ్ళం కాబట్టి మనకిదేమీ అర్థం కాని సంగతి కాదు.

ఆటకన్నా ఎక్కువ టైము తినేది రంగులు వెయ్యడం. బొమ్మలు రంగు లేకుండా, చాలావరకు ముక్కలుగా వస్తాయి. మనిషి బొమ్మ సుమారు 28 మిల్లీమీటర్లు. ముక్కలు అతికించి, ముందు ప్రైమర్ కొట్టాలి, లేకపోతే రంగు పట్టదు. తర్వాత ఎక్కడికక్కడ అసలు రంగులు. తర్వాత వాష్, అంటే బాగా పల్చటి ముదురు రంగు పూస్తే అది బట్ట మడతల్లోకి, వేళ్ళ సందుల్లోకి దిగి నీడలా నిలబడుతుంది. తర్వాత డ్రై బ్రష్. బ్రష్షుకున్న రంగంతా గుడ్డకు తుడిచేసి, మిగిలిన ఆ కాస్త తడితో పైపైన రాస్తే ఎత్తుగా ఉన్న అంచులు మాత్రమే మెరుస్తాయి. చివర్న వార్నిష్.

ఇప్పుడు కొండపల్లికి రండి. తెల్ల పొణికి కర్రను వేడి చేసి చెమ్మ తీసేస్తారు. కాళ్ళు, చేతులు విడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. మీద తెల్ల సున్నం పూత. అది ఆరాక రంగులు, మేక వెంట్రుకల కుంచెతో. సున్నం పూత అంటే ప్రైమర్ కాక మరేమిటి? విదేశీ డబ్బా మీద రాసున్న వరుసా, కొండపల్లి ఇంటి అరుగు మీద జరిగే వరుసా దాదాపు ఒకటే. కాకపోతే డబ్బా మీది వరుసను మనం ‘టెక్నిక్’ అంటాం, అరుగు మీది వరుసను ‘కులవృత్తి’ అంటాం.

రంగులయ్యాక ఇంకో పని ఉంటుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అదే. బొమ్మ నిలబడే బిళ్ళ ఉంటుంది, 25 మిల్లీమీటర్లో 32 మిల్లీమీటర్లో. దానిమీద నేలను తయారు చెయ్యాలి. దీన్ని బేసింగ్ అంటారు. జిగురు పూసి, ఇసుక చల్లి, రంగేసి, డ్రై బ్రష్ చేసి, గడ్డి మొలిపించాలి. ఇందుకోసం రంగురంగుల ఇసుకా, రాళ్ళూ, గడ్డి కుచ్చులూ ప్యాకెట్లలో అమ్ముతారు. పెన్నా ఒడ్డున పుట్టినవాడు ఇసుక ప్యాకెట్ కొనడం ఎంత నామోషీ చెప్పండి! మా పామిడి దగ్గర ఏట్లో నీళ్ళు చూసిన రోజులకన్నా ఇసుక చూసిన రోజులే ఎక్కువ. ఒక డబ్బాడు తెచ్చుకుని టీ వడపోసే జల్లెడతో జల్లించి, ఫెవికాల్ మీద చల్లుతాను. ఎండిన వేప పుల్లలు చెట్లవుతాయి.

ఆ ప్యాకెట్ల మీద ‘ఎడారి’ అని రాసుంటుంది, లోపల ఒకటే పసుప్పచ్చ ఇసుక. అనంతపురం అనగానే చాలామంది బుర్రలో మెదిలేదీ అదే ప్యాకెట్టు. మా జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడుతుంది. తక్కువే, అదీ సమయానికి పడదు. అంతమాత్రాన ఎడారి కాదప్పా! ఎర్రనేల ఉంది, నల్లరేగడి ఉంది, గుండ్రాళ్ళ గుట్టలున్నాయి, వాన పడ్డ వారానికే వేరుశనగ చేలు పచ్చగా తేలతాయి. ఒక్క బిళ్ళ మీద మా ఊరి నేల రావాలంటే నాకు నాలుగైదు రంగులు కావాలి. నేలను పట్టించుకోకపోతే యుద్ధం కూడా అర్థం కాదు. పామిడికి ఉత్తరాన ఉన్న గుత్తి కోటనే చూడండి. 1776లో మురారి రావు ఘోర్పడే ఆ కోటను హైదర్ అలీకి అప్పగించింది కోటలో నీళ్ళు అయిపోయి. అంత ఎత్తు కొండా, అన్ని బురుజులూ దాహం ముందు పనికిరాలేదు.

సరే, లెక్కకొద్దాం. ఒక్క బొమ్మకు, బిళ్ళతో సహా, నాకు నాలుగు గంటలు పడుతుంది. ఇరవై మంది దళమంటే ఎనభై గంటలు. అంటే రెండు వారాల ఆఫీసు టైము. దీన్ని మీ క్లయింటుకు వేసే బిల్లింగ్ రేటుతో గుణించి చూడండి, నవ్వొస్తుంది. ఆమధ్య ఊరికెళ్ళినప్పుడు మా మామ ఇదంతా చూసి, “ఏమప్పా, నిన్ను ఇంజనీరింగ్ చదివిచ్చింది బొమ్మలకు రంగులేసేకా?” అన్నాడు. తప్పేం లేదు, ఆయన దృష్టిలో అది పిల్లలాటే. కానీ ఈ ఆట వల్ల నాకొక జ్ఞానం వచ్చింది. కనుబొమ్మ గీత వంకర పోకుండా గియ్యాలంటే ఊపిరి బిగపట్టాలని నా చేతికి తెలుసు. అందుకే ఎగ్జిబిషన్లో కొండపల్లి అంబారీ ఏనుగు ధర విని “ఇంతా? సగానికి ఇస్తావా?” అనే మనవాళ్ళను చూస్తే, వాళ్ళకో బ్రష్షూ, ఒక బొమ్మా ఇచ్చి ఆదివారమంతా కూర్చోబెట్టాలనిపిస్తుంది :)

అదే ఊరి ప్రయాణంలో మా అమ్మకని ఒక తాడిచెట్టు బొమ్మ తీసుకెళ్ళాను. అమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసి అడిగింది: “ఎవురు చేసినారు నాయనా ఇది?”

నా దగ్గర బిల్లు ఉంది. బిల్లు మీద అంగడి పేరుంది, పన్ను నంబరుంది, నా ఫోన్ నంబరు కూడా ఉంది. చేసినవాళ్ళ పేరు లేదు. బొమ్మ అడుగున ఉత్త చెక్క.

మరి నా బొమ్మల అడుగున? పేరుంటుంది, తేదీ ఉంటుంది. హాబీయిస్టుల్లో చాలామంది చేసే పనే ఇది. సరదాకి రంగులేసే నాకు సంతకం ఉంది, దానిమీదే బతికేవాళ్ళకు లేదు.

“కొండపల్లి బొమ్మకు భౌగోళిక గుర్తింపు ఉంది కదా” అంటారు. ఉంది. ఏటికొప్పాక లక్కబొమ్మలకు 2017లో వచ్చింది. మంచిదే. కానీ అది ఊరి పేరును కాపాడుతుంది. ఆ ఊళ్ళో బాగా చేసేవాళ్ళకీ, హడావుడిగా చుట్టబెట్టేవాళ్ళకీ తేడా అది చెప్పదు. వ్యక్తి పేరు మనకు తెలిసేది ఎప్పుడు? ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మల దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు తెలిసింది. ఏటికొప్పాక సి.వి. రాజు గారికి 2023లో వచ్చినప్పుడు తెలిసింది. ఢిల్లీ నుంచి పిలుపొచ్చేదాకా పేరు లేకపోవడం ఏం న్యాయం?

ఇది కొత్త జబ్బు కాదు. లేపాక్షి గుడి కట్టించిన విరూపణ్ణ పేరు మనందరికీ తెలుసు. కప్పు మీద అన్ని బొమ్మలు గీసినవాళ్ళలో ఒక్కరి పేరు చెప్పండి చూద్దాం. అలాగని ఇది మన ఆచారమనీ, సంతకం పరాయిదనీ అనకండి. పక్కనే కన్నడసీమలో హొయసల శిల్పులు తమ శిల్పాల కింద పేర్లు చెక్కుకున్నారు. 13వ శతాబ్దపు సోమనాథపురంలో మల్లితమ్మ పేరు ఇప్పటికీ చదువుకోవచ్చు. ఏడు వందల ఏళ్ళు దాటినా ఆయన పని ఆయనదే.

ఇప్పుడు డబ్బుల సంగతి. విదేశాల్లో టైము లేని వార్‌గేమర్లు తమ సైన్యాలకు డబ్బిచ్చి రంగులు వేయించుకుంటారు. శ్రీలంకలో ఇలా రంగులేసి పంపే సర్వీసులు ఏళ్ళ తరబడి ఉన్నాయి. బొమ్మకింత అని రేటు, నాణ్యతను బట్టి స్థాయిలు. ఎక్కడో విన్నట్టుందా? మన ఔట్‌సోర్సింగే! మన దగ్గరా ఎవరో ఒకరు కొండపల్లి వెళ్ళి “మీ చేతులున్నాయి, మా దగ్గర ఆర్డర్లున్నాయి” అంటారు, ఇవాళో రేపో. రానివ్వండి. పని వస్తే వద్దనడానికి మనమెవరం? కానీ ఆ ఒప్పందంలో ఏముండాలో మనకన్నా బాగా ఎవరికి తెలుసు? మనల్ని రిసోర్సు అంటారు. స్ప్రెడ్‌షీట్లో ఒక వరుస. ఆ వరుసలో పేరు మారితే పని ఆగదు కాబట్టే రేటు పెరగదు. పేరు లేని పనికి పోటీ ఎప్పుడూ ఇంకా తక్కువకు చేసేవాడితోనే. పేరున్న పనికి మళ్ళీ అదే మనిషిని వెతుక్కుంటూ వస్తారు. మనం రాసిన కోడులో ప్రతి లైనూ ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో రికార్డు ఉంచుకుంటాం. బొమ్మకు ఆపాటి చరిత్ర ఉండకూడదా?

అభ్యంతరాలు ఉన్నాయి, తెలుసు. ఒకరు చెక్కుతారు, ఇంకొకరు అతుకుతారు, ఇంట్లో ఆడవాళ్ళు రంగులేస్తారు, ఎవరి పేరు రాయాలి? అందరిదీ రాయండి. సినిమాకు టైటిల్సు వేస్తున్నాంగా. పైగా అప్పుడే రంగులేసిన ఆవిడ పేరు మొదటిసారి ఎక్కడో ఒకచోట కనబడుతుంది. ఖర్చంటారా? పెన్నుతో పది సెకన్లు. అసలు అభ్యంతరం వేరే ఉంది, దాన్నెవరూ పైకి అనరు. పేరుంటే కొనేవాడు రేపు నేరుగా చేసినవాళ్ళ దగ్గరికే పోతాడని మధ్యవర్తి భయం. ఆ భయంలో నిజముంది. కానీ సరుకు తెచ్చి, పగలకుండా దాచి, నగరంలో అద్దె కట్టి అమ్మే వ్యాపారికి ఆ సేవకు తగ్గ లాభం ఎలాగూ వస్తుంది. చేసినవాళ్ళు ఎవరో తెలియకపోవడం వల్ల వచ్చే లాభం మాత్రం ఆయనకు న్యాయంగా రావాల్సింది కాదు.

మనం చెయ్యగలిగింది చిన్నదే. సంక్రాంతికో దసరాకో కొలువు పెట్టుకోవడానికి బొమ్మ కొంటారు, లేదా ఆన్‌సైట్‌లో మేనేజరుకు ఇవ్వడానికి కొంటారు. కొనేటప్పుడు తిప్పి చూడండి. “ఎవరు చేశారు?” అని అడగండి. చెప్పలేకపోతే, తెలుసుకుని రాయించి ఇమ్మనండి, పది రూపాయలు ఎక్కువైనా ఇస్తామనండి. ఇద్దరు అడిగితే అంగడాయన నవ్వి ఊరుకుంటాడు. ఇరవై మంది అడిగితే తర్వాతి సరుకుకు పేర్లు రాయించుకొస్తాడు. వ్యాపారం వినేది ఆ ఒక్క భాషే.